ఇవ్వడానికే పెంచే పిల్ల కథ

జంతువుల మీద పిల్లలకు ప్రేమ కలగాలని రాసిన పుస్తకాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. దిక్కులేని కుక్కపిల్లో పిల్లికూనో దొరుకుతుంది. పిల్లవాడు దాన్ని దాచిపెడతాడు, ఇంట్లో తెలిసిపోతుంది, కాసేపు గొడవ జరుగుతుంది. చివరికి అమ్మానాన్నలు మెత్తబడతారు, అది వాళ్ళింట్లోనే ఉండిపోతుంది. నేనిక్కడ సమీక్షిస్తున్న ఈ పిల్లల పుస్తకంలో అమ్మ రెండో పేజీలోనే ఒప్పేసుకుంటుంది. అసలు దిక్కులేని జంతువులను చూసుకునే షెల్టర్‌కు ఫోన్ చేసి పిల్లికూనలను ఇంటికి తెప్పించేదే ఆవిడ. ఆవిడ పెట్టే షరతు ఒక్కటే. వాటికి ఎనిమిది వారాలు దాటాక, బాగా పెంచే ఇల్లు దొరకగానే ఇచ్చేయాలి. ఉంచుకుందామని అడగకూడదు. ఆ షరతుకు తలూపిన తొమ్మిదేళ్ళ అమ్మాయే మనకు కథ చెబుతుంది. ఏ మాటకు తలూపిందో ఆ పిల్లకు అప్పుడు తెలియదు. పన్నెండు అధ్యాయాల్లో మెల్లమెల్లగా తెలుస్తుంది.

నేను కొన్నేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. తల్లి లేని పిల్లికూనలను ఇంట్లో పెట్టుకుని, పాలు పట్టి, వాటి కాళ్ళ మీద అవి నిలబడ్డాక దత్తతకు ఇస్తుంటాను. దీన్నే ఫాస్టర్ చేయడం అంటారు. అందుకని ఇలాంటి కథ చేతికొస్తే నా కళ్ళు ముందు తప్పుల మీదే పడతాయి. బాటిల్ ఎలా పట్టుకున్నారు, ఏ పాలు పోశారు, కూనను వెల్లకిలా పడుకోబెట్టారా అని చూస్తాను. మా పాపకు ఎనిమిదేళ్ళు, అక్క కొడుక్కి పదకొండు. ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ఈ పుస్తకం పైకి చదివాను. రెండు చోట్ల గట్టిగా అభ్యంతరం ఉంది, అవి కింద చెబుతాను. అయినా ఈ పనిని ఇంత నిజంగా రాసిన పిల్లల పుస్తకం నేను ఇంతవరకు చదవలేదు.

కథ చిన్నదే. అట్టపెట్టెలో మూడు కూనలు వస్తాయి. ఇంకా కళ్ళు తెరవలేదు, చెవులు తలకు అతుక్కునే ఉన్నాయి. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్నదానికి బొట్టు అని, నల్లగా నిగనిగలాడేదానికి మసి అని, వెంట్రుకలు ఎటుపడితే అటు లేచి ఉన్న బక్కదానికి పీచు అని ఆ అమ్మాయి పేర్లు పెడుతుంది. ఇంట్లో అమ్మ, తాతయ్య, ఒక ముసలి పిల్లి ఉంటారు. దుర్మార్గులు లేరు, దొంగలు లేరు, ఎవరూ ఎవరినీ తరమరు. పాలు పట్టడం, తూకం వేయడం, శుభ్రం చేయడం, ఎదురుచూడడం, ఇంతే. ఇంత మామూలు పనులతో పిల్లలను పేజీ తిప్పించడం తేలిక కాదు.

మొదటి అధ్యాయంలోనే రచయిత్రి నన్ను గెలుచుకుంది. కూనలు రాగానే ఆ అమ్మాయి పాలసీసా కోసం పరుగెడుతుంది. ఎవరైనా అదే చేస్తారు, ఏడుస్తున్న పసికూనను చూస్తే ముందు ఆకలే గుర్తొస్తుంది. అమ్మ ఆపుతుంది. కూన నోట్లో వేలు పెట్టి చూడమంటుంది. నోరు చల్లగా ఉంది. ఒళ్ళు చల్లబడ్డ కూనకు పాలు పడితే అరగవు, దాని ప్రాణానికే ముప్పు. పుట్టిన కొత్తలో కూనలు తమ ఒంటి వేడిని తామే కాపాడుకోలేవు, తల్లి పొట్ట కిందో, ఒకదాని మీద ఒకటి పడుకునో వెచ్చగా ఉండాలి. కాబట్టి గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టి, వేడెక్కువైతే కూన పక్కకు జరిగేందుకు చోటు వదులుతారు. ఆకలితో అరుస్తున్నవాటిని చూస్తూ ఆ అమ్మాయి సీసా చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. ఈ దృశ్యానికి మూడు పేజీలు ఇచ్చారు. మా పాప ఆ మూడు పేజీలూ నా చెయ్యి పట్టుకునే విన్నది. ముందు వెచ్చదనం, తర్వాత పాలు అన్న నియమాన్ని కొత్తగా ఫాస్టర్ చేసే పెద్దవాళ్ళకు చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోతుంది. ఇక్కడ ఒక పిల్ల టెన్షన్ పడుతుంటే పక్కన కూర్చుని నేర్చేసుకుంటాం.

పాలు పట్టే తీరు కూడా సరిగ్గా రాశారు. కూన బోర్లా ఉండాలి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే. వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది. ఆవుపాలు పోద్దామని తాతయ్య అంటే అమ్మ వద్దంటుంది, అవి పడక విరేచనాలు పట్టుకుంటాయని, కూనల కోసం చేసిన ఫార్ములా పాలు కలుపుతుంది. పాలయ్యాక తడిపిన గోరువెచ్చని దూదితో కింద మెల్లగా రుద్దాలి, లేకపోతే మూడు వారాల లోపు కూనలు వాటంతట అవి ఒంటికి, రెంటికి పోలేవు. తల్లి నాకి చేసే పని అది. ఈ దూది సంగతి దగ్గర మా అక్క కొడుకు పడీ పడీ నవ్వాడు. పుస్తకంలోని అమ్మాయి కూడా మొదట నవ్వి, తర్వాత ముక్కు చిట్లించి, ఆఖరికి పీచు చేత చేయించగలిగినప్పుడు అమ్మను కేకేసి పిలుస్తుంది. పిల్లలు సిగ్గుపడకుండా చదివేలా రాయడానికి చాలా నేర్పు కావాలి.

రాత్రి పాల గురించి పుస్తకం అబద్ధం చెప్పకపోవడం నాకు బాగా నచ్చింది. ఆ వయసు కూనలకు రెండు మూడు గంటలకొకసారి పాలు కావాలి, రాత్రీ పగలూ తేడా లేదు. అలారం పెట్టుకుని లేచేది అమ్మ. రాత్రి పాలు తనే పడతానని ఆ అమ్మాయి మొండికేస్తుంది, ఒక సెలవు రోజు ముందు రాత్రి లేస్తుంది కూడా, తర్వాతి పూట కుర్చీలోనే నిద్రపోతుంది. బడి నుంచి వచ్చాక పట్టే పాలు, తూకం, సీసాలు కడగడం, పెట్టెలో గుడ్డలు మార్చడం ఆమె వంతు. పుస్తకం వెనక అట్ట మీద ఆ చిన్నారే అన్నీ చేసినట్టు రాశారు గానీ, లోపల అలా లేదు. బాధ్యత పెద్దవాళ్ళది, ఆ బాధ్యతలో నిజమైన వాటా పిల్లది. వాటా చిన్నదైనా, ఒక పూట ఎగ్గొడితే ఇంకొక ప్రాణి ఆకలితో ఉంటుందని ఆ పిల్లకు తెలుసు. ఇల్లంతా కలిసి చేసే పని ఇది, పుస్తకం కూడా అలాగే చూపించింది.

ఇక తూకం పుస్తకం. నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

ప్రతి అధ్యాయం చివర ఒక పేజీ ఆ అమ్మాయి నోట్‌బుక్‌లోంచి చింపి అతికించినట్టు ఉంటుంది. వంకర టింకర గీతలతో పట్టిక, మూడు పేర్లు, రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచిన గ్రాములు. మొదటి రోజు బొట్టు 132, మసి 140, పీచు 118. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములు ఉంటుంది, ఆరోగ్యంగా ఉంటే రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. నాలుగో వారానికి 400 దాటుతుంది, ఎనిమిదో వారానికి కిలోకు దగ్గరపడుతుంది. మా ఇంట్లోనూ ఇలాంటి పట్టిక ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంటుంది. కూన చురుగ్గా ఉన్నట్టు, కడుపునిండా తాగినట్టు పైకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా బరువు పెరగలేదంటే ఏదో తేడా ఉందన్నమాట. మనకంటే ముందు త్రాసే చెబుతుంది.

రచయిత్రి ఈ సంగతిని కథ నడిపించడానికే వాడుకుంది. మొదటి మూడు అధ్యాయాల్లో పిల్లల దృష్టంతా పీచు మీదే ఉంటుంది. బక్కది, సరిగ్గా చీకదు, అది బతుకుతుందా అని భయం. పట్టికలో దాని అంకె 118 నుంచి 121, 129, 138 అంటూ నత్తనడకన అయినా ముందుకే పోతుంది. నాలుగో అధ్యాయం నిండా సంతోషం. కళ్ళు తెరుస్తున్నాయి, ముందు ఒక చిన్న చీలిక, ఒక కన్ను తర్వాత ఇంకొకటి, అందులోంచి మబ్బు పట్టినట్టుండే నీలం. కూనలు కళ్ళు తెరిచేది సాధారణంగా పుట్టిన వారం, పది రోజులకు. అందరూ పెట్టె చుట్టూ చేరి చూస్తుంటారు. పేజీ తిప్పితే పట్టిక. బొట్టు పెరిగింది, పీచు పెరిగింది. మసి వరుసలో 163, 164, 161.

కథలో ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు. నేనూ చదివి పేజీ తిప్పబోయాను. అక్క కొడుకు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిన్నీ, మసి తగ్గింది" అన్నాడు. మా పాప అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. ఆ తర్వాతి అధ్యాయం వాళ్ళిద్దరూ విన్న తీరే వేరు. ఆ అమ్మాయికి ఇంకా తెలియని సంగతి వీళ్ళకు తెలిసిపోయింది. లెక్కల పట్టికతో పిల్లలను ఇంతగా భయపెట్టొచ్చని, ఇంతగా ప్రేమ పుట్టించొచ్చని ఈ పుస్తకం చూశాకే నాకు తెలిసింది.

మసి చనిపోతుంది. ముందే చెప్పేస్తున్నానని కోపం తెచ్చుకోకండి. పిల్లలకు కొనే ముందు పెద్దవాళ్ళకు ఇది తెలియాలి, కొందరు దీనివల్లే ఈ పుస్తకం వద్దంటారు. నేను మాత్రం ఇదుంది కాబట్టే కొనమంటాను. తల్లి లేని పసికూనల్లో కొన్ని అన్నీ సరిగ్గా చేసినా నిలవవు. వేడి అందించి, పాలు పట్టి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తినా ఒక్కొక్కటి ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోతుంది. ఈ పనిలోకి వచ్చిన ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని చూస్తుంది. దీన్ని దాచి ఫాస్టర్ కథ రాస్తే, చదివిన పిల్ల రేపు నిజంగా ఒక కూనను పోగొట్టుకున్నప్పుడు తప్పంతా తనదే అనుకుంటుంది.

రచయిత్రి ఇక్కడ "చనిపోయింది" అనే రాసింది. "నిద్రపోయింది" అనలేదు, "వెళ్ళిపోయింది" అనలేదు. చిన్నపిల్లలకు చావును నిద్ర అని చెబితే పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు. ఆ అమ్మాయి డాక్టర్‌ను అడిగే ప్రశ్న ఒక్కటే, తను పాలు తక్కువ పట్టిందా అని. డాక్టర్ ఆ నోట్‌బుక్ తీసుకుని, ఏ పూట ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో వరుసగా చదివి, ఎక్కడా లోటు లేదని చూపిస్తుంది. ఊరికే ఓదార్చి పంపదు, ఆ పిల్ల రాసిన అంకెలతోనే జవాబు చెబుతుంది. మా పాప ఏడ్చింది. కాసేపయ్యాక పట్టిక పేజీలు వెనక్కి తిప్పి, మసి బరువు బాగా పెరిగిన రోజులు వెతికి చూసుకుంది. మర్నాడు తనే వచ్చి మిగతాది చదవమంది.

పోయింది పీచు కాదు, అన్నిటికన్నా బరువైన మసి. అదే నన్ను ఇంకా ఆకట్టుకుంది. బక్కది పోయి ఉంటే పిల్లలు ముందే ఊహించేవారు. నేను పెంచిన కూనల్లోనూ బలంగా కనిపించేవాటిని నమ్మి, వాటి వంక సరిగ్గా చూడకపోవడానికి లేదు.

తర్వాత రెండు అధ్యాయాలు చకచకా సాగిపోతాయి. దంతాలు రావడం, ఒంటికి, రెంటికి ఇసుక తొట్టి వాడడం నేర్చుకోవడం, మెత్తటి తిండిలో కాళ్ళు పెట్టి నిలబడడం, అన్నీ సరదాగానే ఉన్నాయి. ముసలి పిల్లిని రెండు వారాల పాటు వేరే గదిలో ఉంచిన సంగతి ముఖ్యమైనది. బయటి నుంచి వచ్చిన కూనలు పాన్‌లూకోపీనియా లాంటి పిల్లుల జబ్బు తెచ్చే వైరస్ మోసుకొస్తే ఇంట్లో పిల్లికి ప్రమాదం. ఆ వైరస్ బట్టలకూ చెప్పులకూ అంటుకుని కూడా వ్యాపిస్తుంది. అందుకని కూనల గదిలోకి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి వేసుకునే పాత చొక్కా ఒకటి తలుపుకి వేలాడుతుంటుంది. బొమ్మలు గీసినవారు ఆ చొక్కాను ఎక్కడా మర్చిపోలేదు. చెవులనూ మర్చిపోలేదు, మొదటి బొమ్మల్లో తలకు అతుక్కుని, అధ్యాయం అధ్యాయానికీ కొంచెం కొంచెం లేస్తూ, ఏడో అధ్యాయానికి నిటారుగా నిలబడతాయి. ముఖచిత్రం మీద మాత్రం అరచేతిలో పట్టేంత కూనకు పచ్చటి కళ్ళు పెట్టారు. ఆ వయసులో కూనలన్నిటికీ నీలికళ్ళే, అసలు రంగు ఆరేడు వారాలకు గానీ మొదలవదు. లోపల అంత శ్రద్ధగా గీసినవారు ముఖచిత్రం దగ్గర అడిగి ఉంటే బాగుండేది.

పీచు మనుషులను చూసి బీరువా కింద దూరే అధ్యాయం ఇంకొంచెం పొడుగ్గా ఉంటే బాగుండేది. పిల్లికూనలకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషులు అలవాటయ్యే కాలం. అప్పుడు మెత్తగా తాకిన చేతులు, విన్న గొంతులు దానికి జీవితమంతా ఉపయోగపడతాయి. ఆ అమ్మాయి పీచును బయటికి లాగదు. నేల మీద బోర్లా పడుకుని తన పాఠ్యపుస్తకం పైకి చదువుతుంది, రోజూ కొంచెం. దాని వైపు చూడదు కూడా. భయపడిన కుక్కల ముందు, పిల్లుల ముందు పిల్లల చేత పుస్తకాలు చదివించే షెల్టర్లు నిజంగా ఉన్నాయి. చదువుతున్న పిల్ల అరవదు, పట్టుకోవడానికి చెయ్యి చాచదు, గొంతు ఒకే తీరుగా సాగుతుంది, భయపడిన ప్రాణికి అంతకన్నా మంచి తోడు దొరకదు. ఇక్కడ రచయిత్రి ఎందుకు తొందరపడిందో అర్థం కాలేదు.

తొందర ఎందుకో తర్వాతి అధ్యాయంలో తెలిసింది. పక్షిపిల్లను తేవాలని.

నా మొదటి అభ్యంతరం ఇదే. తొమ్మిదో అధ్యాయంలో ఆ అమ్మాయికి చెట్టు కింద ఒక పక్షిపిల్ల కనిపిస్తుంది. ఈకలు వచ్చాయి, తోక పొట్టిగా ఉంది, గెంతుతోంది గానీ ఎగరలేకపోతోంది. ఇంటికి తెస్తుంది, డ్రాపర్‌తో నోట్లో నీళ్ళు పోస్తుంది, రెండు రోజుల్లో అది ఎగిరిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఇంత చదువుకుని రాసిన రచయిత్రి ఇక్కడ ఎలా జారిపోయిందో. ఆ వర్ణన అచ్చంగా గూడు వదిలి ఎగరడం నేర్చుకుంటున్న పిల్లది. అలాంటివి కొన్ని రోజులు నేల మీద, పొదల్లో గెంతుతూనే ఉంటాయి. తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉండి తిండి తెచ్చి పెడుతుంటాయి. మనం తెచ్చేస్తే దాన్ని కాపాడినట్టు కాదు, ఎత్తుకొచ్చినట్టు. పిల్లి ఏదైనా దగ్గర్లో ఉంటే దాన్ని లోపల పెట్టాలి, పక్షిపిల్లను దగ్గర్లోని పొదలోకి చేర్చి దూరంగా జరగాలి, అంతే. ఈకలు లేకుండా కళ్ళు మూసుకుని పడి ఉంటే మాత్రం అది గూట్లోంచి జారిపడ్డదే, గూడు అందితే తిరిగి పెట్టొచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. నోట్లో నీళ్ళు పోయడం అన్నిటికన్నా తప్పు, ఆ నీళ్ళు తిన్నగా శ్వాసనాళంలోకి పోతాయి. దెబ్బ తగిలి ఉంటే అడవి జంతువులకు, పక్షులకు వైద్యం తెలిసినవాళ్ళకు అప్పగించాలి. చాలా దేశాల్లో అనుమతి లేకుండా వాటిని ఇంట్లో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం కూడా.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పిల్లలు ఈ పుస్తకాన్ని నమ్ముతారు. ఎనిమిది అధ్యాయాల పాటు అది చెప్పిందల్లా నిజమే కాబట్టి తొమ్మిదోదీ నమ్ముతారు. పిల్లికూనను ఎలా పట్టుకోవాలో ఇందులో నేర్చుకున్న పిల్ల, చెట్టు కింద పక్షిపిల్లకూ అలాగే డ్రాపర్ పట్టుకుని వెళుతుంది. నేను అక్కడ చదవడం ఆపి మా పిల్లలకు విడిగా చెప్పాను. చెప్పేవాళ్ళు పక్కన లేకుండా ఒంటరిగా చదువుకునే పిల్లల సంగతేమిటి?

రెండోది ఇంకా చిన్న సంఘటన, సగం పేజీ కూడా లేదు. వీధిలో దొరికిన పెద్ద పిల్లి ఒకటి ఆ అమ్మాయి చేతి మీద రక్కుతుంది. ఆమె గౌనుకు తుడుచుకుని, అమ్మకు చెప్పకుండా పనిలో పడిపోతుంది. ధైర్యవంతురాలని చూపించడానికి రాసినట్టున్నారు. తెలియని జంతువు కరిచినా, రక్కినా వెంటనే ధార కట్టే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పెద్దవాళ్ళకు చెప్పాలి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. టీకా వేళకు వేయించుకుంటే మాత్రం దాన్ని పూర్తిగా ఆపొచ్చు. పిల్లలు దెబ్బ దాచేది తిడతారన్న భయంతోనే. ఇక్కడ ఆ అమ్మాయి ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరుగెత్తి ఉంటే, అమ్మ తిట్టకుండా కుళాయి విప్పి ఉంటే, ఆ సగం పేజీ ఎవరి ప్రాణమైనా కాపాడేది. తామర అంటుకుంటుందని, చేతులు కడుక్కోమని వేరేచోట అంత వివరంగా రాసినవారికి ఇది కష్టం కాదు. మళ్ళీ అచ్చువేసేటప్పుడు ఈ రెండు చోట్లూ మార్చమని ప్రచురణకర్తలకు ఉత్తరం కూడా రాశాను.

చివరి మూడు అధ్యాయాలూ దత్తత గురించి. ఇక్కడ రచయిత్రి మళ్ళీ తన బలంలోకి వచ్చేసింది. పీచును చూడ్డానికి ఒక కుటుంబం వస్తుంది. ఆ అమ్మాయి వాళ్ళను అడగడానికి ప్రశ్నలు రాసుకుంటుంది. ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారు, కిటికీలకు వల ఉందా, ఊరికెళితే ఎవరు చూస్తారు, జబ్బు చేస్తే ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. మంచి ప్రశ్నలే. వాళ్ళు అన్నిటికీ మంచి జవాబులే చెబుతారు. ఆ పిల్ల ఇంకా ఇంకా కష్టమైన ప్రశ్నలు వెతుకుతుంది, వాళ్ళు ఎక్కడో ఒకచోట తప్పాలని. ఆఖరికి పీచును తన గదిలో పెట్టి తలుపు వేసేస్తుంది. దత్తతకు వచ్చినవాళ్ళ ముందు నేనూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటాను. అందులో ఎన్ని కూన కోసం, ఎన్ని నా కోసం అని ఆ అధ్యాయం చదివాక ఆలోచించాను.

తాతయ్య తలుపు బయట కూర్చుని ఏమీ ఉపదేశించకుండా, షెల్టర్ నుంచి ఆ పూట వచ్చిన ఫోన్ సంగతి చెబుతాడు. ఇంకో పెట్టె వచ్చిందట, ఉంచడానికి ఇల్లు లేదట. అంతే చెప్పి ఊరుకుంటాడు. ఫాస్టర్ ఇంట్లో చోటు లెక్క చాలా కచ్చితంగా ఉంటుంది, ఒకటి వెళితేనే ఇంకొకటి రాగలదు. ఆ లెక్క ఆ పిల్లకు తట్టడానికి ఒక పేజీ అంతా నిశ్శబ్దం వదిలారు, తలుపు బొమ్మ ఒక్కటే ఉంది. ఇంత బాగా కట్టి, ఆ తర్వాత రెండే పేజీల్లో అప్పగింత ముగించి, కొత్త ఇంటి నుంచి ఫొటో వచ్చేసి, అందరూ నవ్వేస్తారు. ఇక్కడ మాత్రం నాకు లోటు అనిపించింది. పంపేసిన రాత్రి ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాల వేళకు చెయ్యి అలవాటుగా సీసా కోసం వెళుతుంది. గుడ్డలు ఉతికి ఆరేస్తుంటే దిగులు ముంచుకొస్తుంది. మా పాప ఒక్కోసారి అన్నం తినదు. రెండు మూడు రోజుల తర్వాత గానీ మామూలు కాదు. మసి చావుకు అంత చోటిచ్చిన పుస్తకం, పీచు వెళ్ళిపోవడానికీ కొంచెం ఇచ్చి ఉండాల్సింది. బతికిన ప్రాణిని ఇచ్చేయడంలోనూ దుఃఖం ఉంటుందని, అది తప్పేమీ కాదని ఆ పిల్లకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

భాష తేలిగ్గా ఉంది, చిన్న చిన్న వాక్యాలు. డాక్టర్ మాట్లాడే చోట్ల మాత్రం పాఠం చెప్పినట్టు కాస్త సాగుతుంది. పేజీకి అక్షరాలు పెద్దవి, అధ్యాయాలు పొట్టివి, ఏడు నుంచి పదేళ్ళ పిల్లలు సొంతంగా చదువుకోగలరు. ఇంకా చిన్నవాళ్ళకు పైకి చదివి వినిపించొచ్చు, కానీ తొమ్మిదో అధ్యాయం మీరు ముందే చూసుకుని పెట్టుకోండి. జంతువును ఇంటికి తెచ్చుకుందామని పోరు పెట్టే పిల్లలున్న ఇంట్లో ఇది తప్పకుండా ఉండాలి. పుస్తకం చివర ఖాళీ తూకం పట్టిక ఒకటి ఇచ్చారు, దాన్ని చింపకుండా నకలు తీసుకోండి. మా ఇంట్లో వాళ్ళిద్దరూ దాని కోసం కొట్టుకున్నారు.

ఇంకొక్క మాట. నాలుగో అధ్యాయం రాత్రి పడుకునే ముందు చదివితే, పట్టిక దగ్గర ఆపి లైటు తీసేయకండి. ఐదూ ఆరూ కూడా అప్పుడే చదివేయండి, ఎంత ఆలస్యమైనా సరే.